పొట్ట బయట మూత్రాశయం

పుట్టుకతో వచ్చే అరుదైన లోపం. సరిచేయడానికి ఏళ్లు పడుతుంది. మొదటి ఆపరేషనే కీలకం

కాన్పు గదిలో బిడ్డను చూడగానే రోగ నిర్ధారణ అయిపోతుంది. బొడ్డు కింద ఎర్రగా, తడిగా తెరుచుకుని ఉన్న మూత్రాశయం. దాని మీద బొట్టుబొట్టుగా ఊరుతున్న మూత్రం. ఎక్స్‌రే తీస్తే కటి ముందు భాగంలో కలవాల్సిన ఎముకల మధ్య ఖాళీ కనిపిస్తుంది. బ్లాడర్ ఎక్స్‌ట్రోఫీ అనే ఈ లోపం దాదాపు 30,000 నుంచి 50,000 జననాల్లో ఒకరికి వస్తుంది. వారిలో మగపిల్లలే ఎక్కువ.

గర్భంలోనే దీన్ని పసిగట్టవచ్చు. పిండం మూత్రపిండాలు, ఉమ్మనీరు మామూలుగానే ఉండి, మూత్రాశయం మాత్రం ఎన్నిసార్లు చూసినా నిండినట్టు కనిపించకపోతే స్కానింగ్ డాక్టర్‌కు అనుమానం రావాలి. చాలాసార్లు రాదు.

పుట్టిన వెంటనే చేయాల్సింది చిన్న ఊరి ఆస్పత్రిలోనూ సాధ్యమే. బొడ్డుతాడుకు క్లిప్పు బదులు దారం కట్టాలి. మూత్రాశయాన్ని పల్చటి ప్లాస్టిక్ పొరతో కప్పాలి. గాజుగుడ్డ వేస్తే అంటుకుని పుండు పడుతుంది.

అసలు పరీక్ష శస్త్రచికిత్సది. మూత్రాశయాన్ని మూసి లోపలికి చేర్చాలి. అవసరమైతే కటి ఎముకలను కోసి దగ్గరకు తేవాలి, ఆపైన బిడ్డ కాళ్లను వారాల తరబడి కదలకుండా ఉంచాలి. కుట్లు విడిపోతే మళ్లీ మూయవచ్చు గానీ, విఫలమైన ప్రతిసారీ ఆ బిడ్డ పెద్దయ్యాక మూత్రాన్ని ఆపుకోగల అవకాశం తగ్గుతుంది. అసలు చికిత్సే అందకపోతే ఎప్పుడూ తడి బట్టలు, వాసన, బడికి దూరం. పెద్దయ్యాక ఆ పొరలో క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా.

అరుదైన జబ్బు కావడంతో ఏ సర్జన్‌కూ చెయ్యి తిరిగేన్ని కేసులు రావు. అహ్మదాబాద్ సివిల్ ఆస్పత్రిలో 2009లో మొదలైన వర్క్‌షాప్ ఈ చిక్కుకే జవాబు. అక్కడి పిల్లల సర్జన్లు, అమెరికా నుంచి వచ్చే యూరాలజిస్టులు ఒకే బల్ల దగ్గర నిలబడి, వరుసగా కేసులు చేస్తారు. వేరేచోట కుట్లు విడిపోయాక వచ్చే పిల్లలూ అందులో ఉంటారు.

అయినా కథ అక్కడితో ఆగదు. మూత్రాశయం ముఖద్వారాన్ని బిగించే ఆపరేషన్‌కు సాధారణంగా నాలుగైదేళ్లు రావాలి. కొందరికి పేగు ముక్కతో మూత్రాశయాన్ని పెద్దది చేస్తారు. అపెండిక్స్‌నే గొట్టంగా మలిచి బొడ్డు దగ్గర తెరుస్తారు. అందులోంచి కొన్ని గంటలకోసారి క్యాథెటర్‌తో మూత్రం తీసుకోవడం బిడ్డే నేర్చుకోవాలి, బడిలో ఉన్నప్పుడూ.