మాటకందని బాధకు రంగులు

ఆశ్రమంలోని బిడ్డకు అన్నం, బట్ట, చదువు అందితే మన బాధ్యత తీరిందనుకుంటాము. కాని ఇంటికి దూరమైన పసిమనసులోని భయం, కోపం అంత సులభంగా మాటల్లోకి రావు.

1950లో ఎడిత్ క్రామర్ అనే చిత్రకారిణి న్యూయార్క్ రాష్ట్రంలోని విల్ట్‌విక్ బాలుర ఆశ్రమ పాఠశాలలో పిల్లల చేతికి రంగులు, బంకమన్ను అందించారు. ఆ అనుభవాలను 1958లో గ్రంథంగా వెలువరించారు. తోటివారిపై విరుచుకుపడే ఆవేశమే బొమ్మగా రూపుదిద్దుకోగలదని ఆమె విశ్వసించారు. నలుగురితో కూర్చుని గీసే బిడ్డకు తానొక్కడే దుఃఖితుడు కాడని కూడా తెలుస్తుంది.

మన యతీంఖానాల్లోనూ వారానికి ఒక గంట ఇందుకు కేటాయించలేమా? మార్కులు, పోటీలు వద్దు. బొమ్మకు అర్థమేమిటని గుచ్చి అడగవద్దు. బిడ్డ చెబితే ఓపికగా విందాము. బాధ తీవ్రమనిపిస్తే నిపుణులను ఆశ్రయిద్దాము. గీసిన బొమ్మను మాత్రం పారవేయక, పేరు రాసి భద్రపరుద్దాము. తన మనసును పదిలపరిచేవారున్నారని ఆ బిడ్డకు తెలియాలి.