బత్తాయి తోట బేరానికి ముందు చెట్టు మొదలు చూడాలి

కాయను చూసి ధర కట్టడం బత్తాయి వర్తకులకు అలవాటే. కాని తోటను చెట్టు మీదే గుత్తకు తీసుకొని బయానా ఇచ్చేవారు కాయ కంటె ముందు చెట్టు మొదలు చూడవలసి వున్నది. బంక తెగులు సోకిన తోటలో కాపు విరివిగా కనిపించినా, ఆ సరుకంతా కాటాకు వస్తుందన్న భరోసా లేదు.

ఈ తెగులుకు కారణం ఫైటోఫ్తోరా. చూపుకు బూజు వంటిదైనా ఇది నిజమైన శిలీంధ్రం కాదు. తడి నేలలో నీటి వెంట ఈదుతూ వ్యాపించే నీటి బూజు. 1845లో ఐర్లండు బంగాళాదుంప పంటను తీవ్రంగా దెబ్బతీసినది కూడ ఈ జాతిదే.

తెగులు సోకిన చెట్టు మొదట్లో బెరడు గోధుమ రంగుకు తిరిగి, పగిలి, బంక కారుతుంది. ఆకుల ఈనెలు పసుపు పచ్చబడతాయి. ఆకు రాలి కొమ్మలు ఎండుతాయి. చచ్చే ముందు చెట్టు అతిగా పూసి చిన్న కాయలతో నిండుతుంది. కొనుగోలుదారు మోసపోయేది ఇక్కడే. ఆ కాయ పక్వానికి రాకముందే చెట్టు ఎండిపోవచ్చు.

మరొక నష్టం రవాణాలో. వాన దెబ్బకు చిందిన మట్టి ద్వారా క్రింది కొమ్మల కాయలకు తెగులు అంటుతుంది. కోసిననాడు శుభ్రంగా వున్న కాయ కొద్ది రోజులలో గోధుమ మచ్చపడి, ఘాటు వాసన వేసి, పక్క కాయలను చెరుపుతుంది. వానల తరువాత కోతలో నేలకు మూడడుగుల లోపు కాయలను వేరు చేయించాలి. రాలిన కాయలను కలపరాదు. దూరపు మార్కెట్లకు పంపే సరుకు విషయంలో ఇది మరీ ముఖ్యం.

నివారణ రైతు చేతిలో వున్నది. నీరు మొదలుకు తగలకుండా రెండు వరుసల పాదు చేయాలి. కుళ్ళిన బెరడు గీకి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయాలి. వానలకు ముందు, తరువాత పూత అవసరం. కొత్త తోటలకు జంభీరి కంటె రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లు ఈ తెగులును మెరుగుగా తట్టుకుంటాయి.

బేరం నాడే బంక కారే చెట్లను లెక్కించి, వాటి కాపును గుత్త ధర నుంచి మినహాయించుకొనడం ఉభయులకూ మంచిది. తరువాత తరుగు తగాదాలు వుండవు.