కొయ్య యెక్కడిది, చెయ్యి యెవరిది

నెల్లూరు సముద్రతీరమును విడిచి పడమరగా సాగి, ఉదయగిరి దుర్గము నీడన కొయ్యగరిటెలు చెక్కు పనివారి చెంత కూర్చుండినపుడు, ఆ గరిటెలవలెనే కొయ్యతో చెక్కు పొగాకు పైపుల తయారీ పరదేశమునకు తరలినచో నాణ్యము చెడునా యను ప్రశ్న నా మనస్సున మెదలినది. పైపునకు వాడు బ్రయర్ దుంప మధ్యధరా తీరపు కొండలలో పెరుగు పొదల వేరుబుడిపె. గంటల తరబడి నీట మరగించి, నెలల కొలది నీడన ఆరనిచ్చిననే గాని యది నిప్పువేడిమికి తాళజాలదు. కనుక లండనులో చెక్కిన పైపునకు సైతము కొయ్య పరాయిదే! డెన్మార్కు వారి స్టాన్‌వెల్ పైపుల తయారీ ఇటలీకి తరలినది. నిజమునకు ఆ కొయ్యకు అది పుట్టింటి చేరువ. మరి చెడునది యెక్కడ నందురా? ఆరబెట్టు దినములను కుదించుటలో, పగులును లప్పముతో పూడ్చి పైన రంగు పూయుటలో.

ఉదయగిరి గరిటె నొకదానిని బొటనవ్రేలితో తడిమి చూచితిని. కాడకును గిన్నెకును నడుమ మెడ సన్నగిలిన చోట, కొయ్య నార వంగిన దారినే ఉలియు వంగినది. నారకు అడ్డముగా కోసిన మరియొకటి, అచ్చముగా అదే రూపుది, మెడ విరిగి పొట్టులో పడియున్నది.