పాత కారుకు పండ్లెక్కడ?

సంతలో ఎద్దును బేరమాడే రైతు ముందుగా దాని నోరు తెరచి పండ్లు చూస్తాడు. పిదప సుడులు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి కుంటుతున్నదేమో పరీక్షిస్తాడు. అమ్మేవాడు కొమ్ములకు రంగు పూసి, మెడలో కొత్త మువ్వలు కట్టి తెచ్చినా ఆ రైతు మోసపోడు. అతడే, లేక అతని కుమారుడే, పాత మోటారుకారు కొనబోయినప్పుడు మాత్రం రంగు చూచి ముచ్చటపడి, హారను ఒకసారి మోగించి, బయానా చేతిలో పెట్టి వస్తాడు. ఎద్దు విషయమై మనకు తరతరాల జ్ఞానం ఉన్నది. కారు విషయమై లేదు. కాని కారుకు కూడ పండ్లున్నవి. అవి ఎక్కడ ఉన్నవో తెలియవలె, అంతే.

తెనాలిలో నా మిత్రులొకరు హైస్కూలు లెక్కల మాస్టారు. వారి తల్లిగారికి ఎనుబదియేండ్లు దాటినవి, మోకాళ్లు వంగవు. నెలకు రెండు పర్యాయాలు ఆమెను గుంటూరు ఆసుపత్రికి తీసికొనిపోవలె. బస్సు మెట్టు ఆమె ఎక్కలేదు. ఆటోలో కుదుపులకు తాళలేదు. నేటి చిన్న కార్లలో కూర్చొనవలెనంటే తల వంచి, నడుము వంచి, గుంతలోకి దిగినట్లు దిగవలె. అంబాసిడరు అట్లా కాదు. తలుపు విశాలం, సీటు ఎత్తు. అరుగు మీద చతికిలబడినట్లు కూర్చొని, ఆపైన కాళ్లు లోపలికి తీసుకొనవచ్చును. ఇంజనీరింగు చదివే కుమార్తె ఉన్న మాస్టారికి కొత్త కారు మాట తలపెట్టే తాహతు లేదు. అందుచేత 1980ల నాటి అంబాసిడరు ఒకటి చవకగా వస్తున్నదని తెలిసి నన్ను తోడు రమ్మన్నారు. ఇటువంటి బండ్ల పిచ్చి నాకు కొంత ఉన్నదని వారెరుగుదురు.

ఈ బండికి పుట్టిల్లు ఇంగ్లండు, పెరిగినది బెంగాలులో. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారం చేసుకొని హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా సమీపాన ఉత్తరపారాలో 1957 నుండి దీనిని తయారుచేసినారు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయినది. ఇన్ని దశాబ్దాలలోను పైరూపు పెద్దగా మారలేదు. మారకపోవడాన్ని చూచి ఆ కాలంలో చాలమంది ఎగతాళి చేసినారు గాని, పాత బండి కొనేవాడికి అదే వరం. ఒక కాలపు బండి భాగాలు పెక్కు మరొక కాలపు బండికి సరిపోతాయి. విజయవాడ ఆటోనగరు వంటి చోట ఓపికతో వెదకేవాడు వట్టిచేతులతో తిరిగిరాడు.

మాస్టారు బడి ప్రయోగశాల నుండి ఒక అయస్కాంతాన్ని జేబులో వేసుకొని వచ్చినారు. ఇనుపరేకు తుప్పుపట్టి చిల్లులు పడినచోట లప్పం నింపి, పైన రంగు కొట్టితే కంటికి ఏమీ కనబడదు. అయస్కాంతానికి మాత్రం తెలిసిపోతుంది; లప్పం దట్టంగా ఉన్నచోట అది అంటుకొనదు. తలుపుల అడుగున రెండుచోట్ల జారిపోయినది. కాళ్లకింది రబ్బరు చాప ఎత్తి చూచినాము. నేలరేకు గట్టిగా ఉన్నది. నా అభిప్రాయంలో ఇంజను చెడిన బండిని కొనవచ్చును గాని, ఒళ్లు పుచ్చిన బండిని ఉచితంగా ఇచ్చినా తేరాదు. ఇంజనును దింపి బాగుచేయించవచ్చును. ఒళ్లంతా తుప్పయితే కొత్త రేకు అతికించడానికి కూడ గట్టి చోటు మిగలదు.

బానెట్టు మీద చేయి వేస్తే వెచ్చగా తగిలినది. "ఇందాకనే పెట్రోలు పోయించుకొని వచ్చానండీ" అన్నాడు అమ్మేవాడు. నిజమే కావచ్చును. కాని చల్లని ఇంజను చెప్పే సంగతులు వేడి ఇంజను చెప్పదు. మరునాడు తెల్లవారకముందే పోయి, మేమే స్టార్టు చేయించినాము. పొగ రంగును బట్టి రోగం తెలుస్తుంది. నీలిపొగ అయితే ఇంజనాయిలు మండుతున్నదన్నమాట. నల్లపొగ అయితే పెట్రోలు పాలు ఎక్కువైనది. తెల్లపొగ ఎంతసేపటికీ తగ్గకపోతే నీరు లోపలికి చేరుతున్నదని అనుమానించవలె. ఈ బండి నీలిపొగ కొద్దిగా వదలి సర్దుకొన్నది. ఆయిలు మూత విప్పి చూస్తే అడుగున పాలమీగడ వంటి తెట్టె లేదు. అనగా ఆయిలులో నీరు కలవలేదు. ఈ వయసులో ఆమాత్రం పొగ క్షమింపదగినదే.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద చదివి సి-బుక్కుతో అక్షరమక్షరం పోల్చుకొనవలె. ఫైనాన్సు బాకీ ఉంటే రద్దయినట్లు చూచుకొనవలె. సొంత కార్లకు 15 ఏండ్ల పిదప అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలె. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుండి 5,000 రూపాయలకు, 20 ఏండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెరిగినది. చవకబేరంలో ఈ ఖర్చు కూడ కలుపుకొని లెక్క చూడవలె.

బేరం కుదిరినది. బండి ఇల్లు చేరగానే మాస్టారి కుమార్తె కొత్త రంగు, కొత్త సీటు గుడ్డలు కావాలన్నది. ముప్పై ఏండ్లుగా అంబాసిడర్లే బాగుచేస్తున్న మేస్త్రి ఒకరు ఆ ఊరిలో ఉన్నారు. బండిని వీధి చివరిదాకా నడిపి వచ్చి, "రంగు సంగతి తర్వాత మాస్టారూ. అమ్మగారిని ఎక్కిస్తానంటున్నారు గదా, ముందు ఇది ఆగాలి" అన్నారు.

బ్రేకు పెడలు ఒకసారి తొక్కితే నేలకంటుతున్నది. రెండు మూడు సార్లు కొడితే గాని పట్టు దొరకడం లేదు. చక్రాలు విప్పి చూస్తే మూడింటిలో సిలిండర్ల రబ్బరు కప్పులు గట్టిపడి బ్రేకాయిలు కారుతున్నది. బ్రేకు షూలు ఆయిలుతో తడిసిపోయినవి. ద్రవం మీద కలిగించిన పీడనం అన్ని దిక్కులకు సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ నియమాన్ని మాస్టారు ఎన్నిసార్లు విని ఉంటారో! పాదంతో నొక్కిన బలం నాలుగు చక్రాలకు చేరడం ఆ నియమం వల్లనే. ద్రవాన్ని నొక్కితే కుంచించుకొనిపోదు, గాలి పోతుంది. గొట్టంలో గాలిబుడగ చేరినదా, పాదం శ్రమ అంతా ఆ బుడగను నొక్కడానికే సరి. పైగా బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ఏండ్ల తరబడి మార్చని ఆయిలులో నీరు చేరి, బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు ఆవిరి పుట్టవచ్చును. ఆవిరి కూడ గాలివలెనే నొక్కుకొనిపోతుంది. ఇటువంటి పాత బండ్లలో నాలుగు చక్రాలకు ఒకే గొట్టాల వరుస ఉండడం కలదు. ఒకచోట తెగితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. మేస్త్రి కప్పులు, షూలు, గొట్టాలు, ఆయిలు అన్నీ మార్చి, గాలి తీసి, చేతిబ్రేకును కూడ బిగించినారు. కొన్న వెలలో అయిదవవంతు దీనికే అయినది. మాస్టారు కిక్కురుమనలేదు.

తర్వాత వేడి. ఒంటరిగా గుంటూరు బయలుదేరిన మాస్టారికి సంగం జాగర్లమూడి దాటగానే రేడియేటరు ఆవిరి చిమ్మినది. తొందరపడి మూత తీయలేదు; అది మంచిదయినది. ఆ మూత ప్రెషరుకుక్కరు మూత వంటిది. ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తెరచిన క్షణాన ఒక్కసారిగా పొంగి ముఖాన పడుతుంది. ఏండ్ల తరబడి పోసిన బోరునీటి ఉప్పు రేడియేటరు గొట్టాలలో గారకట్టి ఉన్నది. దానిని కడిగించి, హోస్ పైపులు, ఫ్యాను బెల్టు మార్చి, కూలెంటు పోయించగా ఆ బాధ తీరినది.

దీపాల విషయం అన్నింటికన్న వినోదం. రాత్రివేళ హెడ్‌లైట్లు మిణుగురుల వలె వెలుగుతున్నవి. ఒక ఎలక్ట్రీషియను వైరింగంతా మార్చవలెనన్నాడు. మాస్టారు మల్టీమీటరు తెచ్చి, ఇంజను నడుస్తుండగా కొలిచినారు. బ్యాటరీ వద్ద 14 వోల్టులు, దీపం వద్ద పదిన్నర. మిగిలిన మూడున్నర వోల్టులు ఎక్కడ పోయినవి? వెదకగా, దీపం నుండి బండి ఒంటికి కలిపే ఎర్తు తీగె మొదట్లో తుప్పు, దానిపైన రంగు. అక్కడి నిరోధం ఆ వోల్టులను తినివేస్తున్నది. వోల్టేజి కొంచెం తగ్గితే బల్బు వెలుగు అంతకన్న చాల ఎక్కువగా తగ్గుతుంది. గరుకుకాగితంతో ఆ చోటు గీకి, మరను బిగించినారు. బ్యాటరీ కొనలకు పట్టిన తెల్లని పొడిని వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగినారు. మొత్తం ఖర్చు పది రూపాయలు మించలేదు. ఓమ్ నియమం ఎందుకు పనికివస్తుందని అడిగిన తొమ్మిదవ తరగతి కుర్రవాణ్ని ఆ సాయంకాలమే పిలిచి చూపించినారు.

ఇక పెట్రోలు. ఈ ఇంజను సీసం కలిపిన పెట్రోలు నాటిది. దేశమంతటా సీసంలేని పెట్రోలు మాత్రమే అమ్మడం 2000 ఫిబ్రవరి 1 నుండి మొదలయినది. 2025 నాటికి నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు దేశమంతటా వ్యాపించినది. పాతకాలపు రబ్బరును ఇథనాలు మెత్తబరచి చీలుస్తుంది, తేమను కూడ పీల్చుతుంది. పెట్రోలు కారి వేడి ఇంజను మీద పడితే బండి అంటుకొనవచ్చును గనుక, ఇథనాలుకు తట్టుకొనే కొత్త పైపులు వేయించడం తప్పనిసరి.

మూడువందల కిలోమీటర్లు ఒంటరిగా తిప్పి చూచుకొన్న పిదపగాని మాస్టారు తల్లిగారిని ఎక్కించలేదు. ఆమె సీటు మీద కుదురుగా కూర్చొని, "ఒరే, మీ అక్క పెళ్లికి బాడుగకు మాట్లాడిన కారు ఇదేనట్రా?" అన్నదట.

మరమ్మతులకు కొన్న వెలలో సగానికి పైగా అయినది. రంగు ఇంకను వేయించలేదు. పెట్రోలు ముల్లు కూడ బాగుకాలేదు. టాంకీ నిండుగా ఉన్నా, అడుగంటినా అది సగం దగ్గరనే నిలుస్తుంది. మేస్త్రి మార్చుతానంటే మాస్టారు వద్దన్నారు. పెట్రోలు పోయించిన ప్రతిసారి లీటర్లు, కిలోమీటర్లు నోటుబుక్కులో వ్రాసుకొంటున్నారు. మొన్న ఆదివారం నాటి లెక్క ప్రకారం టాంకీలో ఇంకను పది లీటర్లు ఉండవలె.