గ్యారేజి తలుపు ఎందుకు లేవదు?

అమెరికాలో అనేక గృహముల గ్యారేజి తలుపు మీట నొక్కగానే పైకి లేచును. అంత బరువును చిన్న మోటారు ఎత్తుచున్నదని చూచువారు తలంతురు. నిజమునకు ఆ బరువును మోయునది తలుపునకు పైన ఇరుసుపై బిగించిన మెలిస్ప్రింగు. తలుపు దిగునపుడు అది మెలిపడి శక్తిని నిలువచేసికొనును. లేచునపుడు ఆ శక్తిని తిరిగి ఇచ్చును. ఘర్షణను, మిగిలిన స్వల్పభారమును జయించుటయే మోటారు పని.

విద్యుత్తు ఉండి, మోటారు మ్రోగుచున్నను తలుపు కదలనిచో స్ప్రింగును చూడవలెను. చుట్ల నడుమ ఖాళీ కనిపించినచో అది తెగినదన్నమాట. సాధారణపు స్ప్రింగు సుమారు 10,000 పర్యాయములకు తగినట్లు తయారగును. దినమునకు 4 మార్లు తలుపు తీసి మూసినచో ఏడేండ్లలో దాని ఆయువు తీరును. అప్పుడు మీటను మరల మరల నొక్కరాదు. తలుపు సగము లేచి ఆగినచో, మోటారును విడదీయు త్రాటిని లాగరాదు. తలుపు పూర్తి బరువుతో క్రింద పడును. మెలిపడిన స్ప్రింగులోని శక్తి చేతి ఎముకను విరువగలదు. కావున దానిని నిపుణులే విప్పవలెను.