వైఫై నుంచి డేటాకి మారితే అప్‌లోడ్ మళ్లీ సున్నాకి ఎందుకొస్తుంది?

బీటెక్ ఫైనల్ ఇయర్. ప్రాజెక్ట్ సబ్మిషన్‌కి రాత్రి 12 డెడ్‌లైన్. 11:40కి నా ఫైల్ 90 శాతం అప్‌లోడ్ అయింది, అంతలో కరెంటు పోయింది, రౌటర్ ఆగిపోయింది. వెంటనే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేశా. నెట్ వచ్చింది గానీ అప్‌లోడ్ మాత్రం ఎర్రర్, మళ్లీ సున్నా నుంచి. అదే ల్యాప్‌టాప్, అదే లాగిన్, అదే ఫైల్. మరి సర్వర్ నన్నెందుకు గుర్తుపట్టలేదు?

ఎందుకంటే టీసీపీకి మీరెవరో తెలీదు. దానికి తెలిసినవి నాలుగు నంబర్లే: మీ ఐపీ, మీ పోర్ట్, సర్వర్ ఐపీ, సర్వర్ పోర్ట్. ఒక్కటి మారినా అది వేరే కనెక్షన్ కిందే లెక్క. వైఫై నుంచి డేటాకి వెళ్తే మారేది సరిగ్గా మీ ఐపీనే.

పోర్ట్ సంగతి చూడండి. ఒకే సర్వర్‌కి రెండు కనెక్షన్లు తెరిస్తే ఐపీలు రెండూ అవే, హెచ్‌టీటీపీఎస్ కాబట్టి అటువైపు పోర్ట్ కూడా అదే 443. తేడా మీ వైపు పోర్ట్‌లోనే. అది 16 బిట్ల నంబర్, 65535 దాటదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ అని కొట్టి చూడండి, లోకల్ అడ్రస్‌లో కోలన్ తర్వాత ఉండేది ఇదే. మొదటిసారి ఆ లిస్ట్ చూసి ఎవరో హ్యాక్ చేశారనుకున్నా!

ఇంట్లో నాలుగు ఫోన్లున్నా ఐపీవీ4లో బయటికి కనిపించే ఐపీ మామూలుగా ఒక్కటే. ఏ పోర్ట్‌కి వచ్చింది ఎవరిదో రౌటర్ టేబుల్ చూసి పంచుతుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో అయితే ముక్కూమొహం తెలియని ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు. ఎవరో స్పామ్ చేస్తే క్యాప్చా మనకొచ్చేది అందుకే.

దీనికి మందు క్విక్. 2021 మేలో ఆర్‌ఎఫ్‌సీ 9000గా వచ్చింది, హెచ్‌టీటీపీ/3 నడిచేది దీని మీదే. ఇందులో కనెక్షన్‌కే సొంత ఐడీ ఉంటుంది. ఐపీ మారినా సర్వర్ ఆ ఐడీతో పోల్చుకుని, కొత్త అడ్రస్ నిజమేనా అని చిన్న చాలెంజ్ పంపి, పని కొనసాగిస్తుంది. మరి ఆ ఐడీతో మనల్ని ట్రాక్ చేస్తే? అదీ ఆలోచించారు. ముందే కొన్ని స్పేర్ ఐడీలు ఇచ్చిపెట్టుకుని, నెట్‌వర్క్ మారినప్పుడు కొత్తది వాడతారు.

కాకపోతే యాప్, సర్వర్ రెండూ సపోర్ట్ చేయాలి. పెద్ద ఫైళ్లకైతే నేను ఇప్పటికీ ఆగిన చోటి నుంచి రెజ్యూమ్ అయ్యే సర్వీసులనే నమ్ముతా.

నా ప్రాజెక్ట్? డెమో వీడియో తీసేసి పంపితే 11:58కి వెళ్లింది.