గడ్డిపరక మైత్రి

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వైచినవి. పది వత్సరములకు, 1952 జూన్ 9న, స్వతంత్ర భారతము ఆ దేశముతో ప్రత్యేకముగ సంధి చేసికొని యుద్ధనష్టపరిహారమును వదలుకొన్నది. శాన్‌ఫ్రాన్సిస్కో సభకు పోక మన ప్రభుత్వము మేలే చేసినదని మా యభిప్రాయము.

అయినను, అనంతపుర సీమకు జపాను నుండి వచ్చిన కానుకను తెచ్చినది రాయబారి కాదు, ఒక రైతు. శికోకు ద్వీపమున సేద్యము చేసిన మసనోబు ఫుకువోక గ్రంథము తెనుగున 'గడ్డిపరకతో విప్లవం'గా వెలసినది. దున్నవలదు, రసాయనపు టెరువు వలదు, పురుగుమందు వలదు, కలుపుతో పోరు వలదు: ఇది యాయన మతము. ఆ గ్రంథముచే ప్రేరితులైనవారు 1990లో చెన్నేకొత్తపల్లి చెంత ముప్పదిరెండెకరముల బీడు కొని టింబక్టు సంస్థను నెలకొల్పిరి. పిమ్మట గ్రామస్థులతో గూడి కల్పవల్లి గుట్టలను నిప్పునుండియు, విచ్చలవిడి మేపునుండియు కాచిరి. నఱకిన మోడులే చిగిర్చినవి. బోడిగుట్టలపై గడ్డి మొలచినది.

వరిమళ్ల దేశపు సూత్రమును ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే గల యెఱ్ఱనేలపై అక్షరాల నడపుట యవివేకము. కాని నేలను కప్పియుంచుము, ఒక్క పైరునే నమ్మకుము అను మాట మన తాతల కెఱుకపడినదే. కామందులు వేరుసెనగ నొక్కదానినే పట్టుకొనిరి; వాన తప్పిన యేట కాయయు లేదు, పశువులకు కట్టెయు లేదు. వచ్చు ఏరువాకకు ఆ చేనిలోనే నాలుగు సాళ్లు కందియు, కొఱ్ఱయు విత్తి చూడవలసినదని వారిని మేము కోరుచున్నాము.